ఇథైల్ అయొడైడ్‌తో సిలార్డ్–చామర్స్ ప్రయోగం: సీసా ఎంపిక నుంచి రిటెన్షన్ లెక్క దాకా

ఇథైల్ అయొడైడ్‌ని గంటకు పైగా న్యూట్రాన్ల మధ్య ఉంచి, తర్వాత నీళ్లతో కడిగితే, కొత్తగా పుట్టిన రేడియో అయొడిన్‌లో పెద్ద భాగం నీళ్లలోకి వచ్చేస్తుంది. మామూలు అయొడిన్ మాత్రం కార్బన్‌ని వదలదు. 1934లో లండన్ సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రిలో లియో సిలార్డ్, టి.ఎ. చామర్స్ చూపించింది ఇదే. ఒకే మూలకంలో రేడియోధార్మిక పరమాణువుల్ని మామూలు పరమాణువుల నుంచి రసాయన పద్ధతిలో విడదీయవచ్చని అప్పుడు తేలింది. విజయవాడ, గుంటూరు కాలేజీల్లో న్యూక్లియర్ కెమిస్ట్రీ పేపర్ తీసుకున్న ఎమ్మెస్సీ విద్యార్థులు దీన్ని పుస్తకంలో ఒక పేరాగా చదివి వదిలేస్తారు. చేసి చూడాల్సిన ప్రయోగం ఇది. ఫలితం చెడేది న్యూట్రాన్ల దగ్గర కాదు. సీసా దగ్గర, గరాటు దగ్గర, గడియారం దగ్గర చెడుతుంది. అందుకే ఇక్కడ ఎక్కువ మాటలు వాటికే.

ముందు అనుమతుల సంగతి. న్యూట్రాన్ సోర్స్ అంటే సాధారణంగా అమెరీషియం–బెరీలియం సోర్స్. అటామిక్ ఎనర్జీ రెగ్యులేటరీ బోర్డు అనుమతి, రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్, వ్యక్తిగత డోస్ బ్యాడ్జీలు ఉన్న ల్యాబ్‌లో తప్ప దీన్ని ముట్టుకోకూడదు. న్యూట్రాన్లకు మామూలు టీఎల్‌డీ బ్యాడ్జీ (ఒంటికి తగిలిన రేడియేషన్‌ని నమోదు చేసేది) ఒక్కటే చాలదు, న్యూట్రాన్ బ్యాడ్జీ విడిగా కావాలి. 5 క్యూరీల సోర్స్ షీల్డ్ లేకుండా బయట ఉంటే మీటరు దూరంలో డోసు గంటకు దాదాపు 0.1 మిల్లీసీవర్ట్. పారఫిన్ మైనం లేదా నీళ్ల ట్యాంకు మధ్యలో ఉన్న సోర్స్‌ని అక్కడే ఉంచి, శాంపిల్‌ని దాని దగ్గరికి దింపాలి తప్ప సోర్స్‌ని శాంపిల్ దగ్గరికి తేకూడదు.

బంధం ఎందుకు తెగుతుంది

అయొడిన్–127 కేంద్రకం ఒక నెమ్మది న్యూట్రాన్‌ని పట్టుకుని అయొడిన్–128 అవుతుంది. అప్పుడు దాదాపు 6.8 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్ట్ల శక్తి గామా కిరణాలుగా బయటికి పోతుంది. తుపాకి పేలితే భుజానికి దెబ్బ తగిలినట్టే, గామా ఒక వైపు పోతే పరమాణువు ఎదురు వైపుకి తన్నుకుంటుంది. దీన్నే రీకాయిల్ అంటాం. లెక్క సులువే: గామా శక్తిని మిలియన్ ఎలక్ట్రాన్ వోల్ట్లలో తీసుకుని వర్గం చేయండి, 536తో గుణించండి, పరమాణు భారంతో భాగించండి. మొత్తం శక్తి ఒకే గామాగా పోతే అయొడిన్–128కి దాదాపు 190 ఎలక్ట్రాన్ వోల్ట్లు వస్తాయి. కార్బన్–అయొడిన్ బంధం బలం 2.4 మాత్రమే.

నిజానికి ఆ శక్తి చాలాసార్లు మూడు నాలుగు గామాలుగా చీలి వేర్వేరు దిశల్లో పోతుంది, కాబట్టి సగటు రీకాయిల్ ఇంతకంటే తక్కువ. పైగా రీకాయిల్ శక్తి అంతా బంధం మీద పడదు, కొంత అణువు మొత్తాన్ని తోయడానికి ఖర్చవుతుంది. బంధానికి దక్కే వాటా అవతలి ముక్క భారాన్ని బట్టి ఉంటుంది. ఇథైల్ భాగం 29, అయొడిన్ 128 కాబట్టి 190లో దాదాపు 36 బంధం మీద పడుతుంది. అదే హైడ్రోజన్ అయొడైడ్ అయితే అవతల ఉన్నది ఒక్క హైడ్రోజన్, వాటా 1.5 దగ్గరే ఆగిపోతుంది. కర్బన హాలైడ్లు, అంటే కార్బన్‌కి క్లోరిన్, బ్రోమిన్, అయొడిన్ లాంటివి అతుక్కున్న సమ్మేళనాలు, ఈ పనికి అంత అనువుగా ఉండడానికి ఇదొక కారణం.

తెగిన అయొడిన్ ఎగిరిపోయి చుట్టూ ఉన్న అణువుల్ని గుద్దుకుంటుంది, వాటిని విరగ్గొడుతుంది. ఆ ముక్కల మధ్యే చల్లబడి, కొన్నిసార్లు ఏదో ఒక కర్బన ముక్కకు మళ్లీ అతుక్కుంటుంది. అలా కర్బన రూపంలోనే మిగిలిపోయిన శాతాన్ని రిటెన్షన్ అంటారు. మీరు కొలవబోయేది దీన్నే. ద్రవ ఇథైల్ అయొడైడ్‌కి ఇది సుమారు 40 శాతం దగ్గర ఉంటుంది. వాయువులో బాగా తగ్గుతుంది, గడ్డకట్టించిన ఘనంలో సాధారణంగా పెరుగుతుంది, ఎందుకంటే అక్కడ ముక్కలు దూరంగా పోలేవు.

ఏ హాలైడ్, ఎంత

పాత ల్యాబ్ మాన్యువళ్లలో ఇథైల్ బ్రోమైడ్‌ కూడా కనిపిస్తుంది. అది మరిగేది 38.4 డిగ్రీల దగ్గర. విజయవాడలో మే నెల మధ్యాహ్నం గది వేడే అంతకు మించుతుంది. మూత తీయగానే ద్రవం పొంగుతుంది, ఘనపరిమాణం నిలవదు, ఆవిరి పీల్చాల్సి వస్తుంది. అందుకని ఇక్కడ ఇథైల్ అయొడైడ్ తీసుకోండి, 72 డిగ్రీల దాకా మరగదు. బ్రోమిన్‌తోనే చేయాలంటే 101 డిగ్రీల దగ్గర మరిగే నార్మల్ బ్యూటైల్ బ్రోమైడ్ మంచిది. క్లోరిన్ సమ్మేళనాలతో మొదలుపెట్టకండి. క్లోరిన్–37 వాటా 24 శాతమే, న్యూట్రాన్‌ని పట్టే గుణం కూడా అయొడిన్‌లో పదో వంతు కంటే తక్కువ, చిన్న సోర్స్‌తో కౌంట్లు సరిపోవు.

50 మి.లీ. ఇథైల్ అయొడైడ్ అంటే 97 గ్రాములు, 0.62 మోల్. పారఫిన్ లోపల సెకనుకు చదరపు సెంటీమీటరుకు 10,000 నెమ్మది న్యూట్రాన్లు ఉన్నాయనుకుంటే, ఎంతసేపు ఉంచినా చేరగల గరిష్ఠ యాక్టివిటీ దాదాపు 23,000 బెక్యూరెల్, అంటే సెకనుకు అన్ని పరమాణువులు క్షయమవుతాయి. అయొడిన్–128 అర్ధాయువు, అంటే ఉన్నదాంట్లో సగం తరిగిపోయే సమయం, 25 నిమిషాలు. 75 నిమిషాలు ఉంచితే గరిష్ఠంలో 87.5 శాతం, 100 నిమిషాలకు 94 శాతం. రెండు గంటలు దాటి ఉంచడం దండగ.

ద్రవాన్ని శుభ్రం చేయడం

సీసాలోంచి తీసిన ఇథైల్ అయొడైడ్ లేత గులాబీ రంగులోనో గోధుమ రంగులోనో ఉంటే వెలుతురుకి విడిపోయిన అయొడిన్ అందులో ఉన్నట్టే. అది ఉండగా ప్రయోగం చేస్తే రిటెన్షన్ తక్కువగా వస్తుంది, ఎందుకంటే చల్లబడిన రీకాయిల్ అయొడిన్‌ని కర్బన ముక్కల కంటే ముందు స్వేచ్ఛా అయొడిన్ అందిపుచ్చుకుంటుంది. రోజుకో విలువ వస్తోందని తలపట్టుకునే విద్యార్థులు చూడాల్సిన మొదటి చోటు ఇదే.

ఫ్యూమ్ హుడ్‌లో, చేతికి గ్లవ్స్ వేసుకుని, పలుచని సోడియం థయోసల్ఫేట్ ద్రావణంతో రంగు పోయేదాకా కడగండి. తర్వాత నీళ్లతో రెండుసార్లు. అన్‌హైడ్రస్ కాల్షియం క్లోరైడ్ మీద కొన్ని గంటలు ఉంచి, వడగట్టి, డిస్టిల్ చేయండి. మొదట వచ్చే కొద్ది భాగం, అడుగున మిగిలే కొద్ది భాగం పక్కన పెట్టి, 72 డిగ్రీల దగ్గర నిలకడగా వచ్చేదే తీసుకోండి. వానాకాలంలో ఇక్కడి గాలి తేమకి కాల్షియం క్లోరైడ్ డబ్బా తెరిచిన కాసేపట్లోనే చెమ్మగిల్లుతుంది. అలా అంటుకుపోయిన గడ్డలు వాడకండి. శుభ్రమైన ద్రవాన్ని గోధుమ రంగు సీసాలో, కొన్ని రాగి తురుములు వేసి, చీకట్లో ఉంచండి. రేడియేషన్‌కి పెట్టే ముందు రాగి లేకుండా ఒంపుకోండి.

ఇథైల్ అయొడైడ్ మంచి ఆల్కైలేటింగ్ పదార్థం, అంటే శరీరంలోని అణువులకు తన ఇథైల్ భాగాన్ని తగిలించగలది. ఈ యాక్టివిటీల దగ్గర రేడియేషన్ కంటే దాని ఆవిరే ఎక్కువ ప్రమాదం. హుడ్ లేని చోట ఈ పని పెట్టుకోవద్దు.

సీసా

ల్యాబ్‌లో చేతికందే గాజు సామాను చాలావరకు బోరోసిలికేట్. ఇందులో బరువులో దాదాపు 4 శాతం బోరాన్ ఉంటుంది, బోరాన్ నెమ్మది న్యూట్రాన్లని విపరీతంగా మింగేస్తుంది. 2 మి.మీ. గోడ ఉన్న బోరోసిలికేట్ సీసాలో పోస్తే లోపలికి వెళ్లాల్సిన నెమ్మది న్యూట్రాన్లలో దాదాపు సగం గోడలోనే ఆగిపోతాయి. అన్నీ సరిగ్గా చేసినా కౌంట్లు సగమే వస్తున్నాయంటే కారణం చాలాసార్లు ఇదే.

మామూలు సోడా గాజు సీసా వాడండి. గాజులోని సోడియం కూడా కొంత రేడియోధార్మికం అవుతుంది, కానీ ద్రవాన్ని ఒంపేస్తాం కాబట్టి ఇబ్బంది లేదు. సీసానే కౌంటర్ దగ్గర పెట్టకండి, అంతే. పాలిథీన్ సీసా న్యూట్రాన్లకు మంచిదే గానీ ఇథైల్ అయొడైడ్ పాలిథీన్‌లోకి ఇంకుతుంది, కాబట్టి అందులో రాత్రంతా ఉంచొద్దు. ఏది వాడినా బయట నల్ల కాగితం చుట్టండి. సీసాకీ సోర్స్‌కీ మధ్య రెండు మూడు సెంటీమీటర్ల మైనం ఉండాలి, వెనకా పక్కలా కూడా మైనం ఉండాలి. సోర్స్‌ని ఆనించి పెడితే ఎక్కువ తగులుతాయనుకోకండి. పుట్టే న్యూట్రాన్లు వేగంగా ఉంటాయి, హైడ్రోజన్‌ని గుద్దుకుని నెమ్మదించాకే పట్టుబడతాయి.

వేరుచేయడం

గడియారం ఇక్కడ మొదలవుతుంది. సీసాని సోర్స్ దగ్గర నుంచి తీసిన నిమిషాన్ని సున్నాగా రాసుకోండి. మిగతావన్నీ అంతకుముందే సిద్ధంగా ఉండాలి: 125 మి.లీ. సెపరేటింగ్ ఫన్నెల్ (రెండు పొరల్ని విడదీసే గరాటు) ఒకటి, టెఫ్లాన్ కాక్‌తో, ఎందుకంటే గ్రీజు పూసిన గాజు కాక్‌లో గ్రీజుని ఇథైల్ అయొడైడ్ కరిగించేస్తుంది. 20 మి.గ్రా. అయొడిన్ తూచి కొద్ది ఇథైల్ అయొడైడ్‌లో కరిగించింది, ఆ రోజే కలిపిన 1 శాతం సోడియం సల్ఫైట్ ద్రావణం, డిస్టిల్డ్ వాటర్.

నీళ్ల గురించి ఒక మాట. గుంటూరు వైపు బోరు నీళ్లలో క్లోరైడ్ ఎక్కువ. కుళాయి నీళ్లలోనూ ఉంటుంది. బ్యాటరీ షాపులో డిస్టిల్డ్ వాటర్ అని అమ్మే డబ్బాని కూడా నమ్మొద్దు. ఒక పరీక్ష నాళికలో 5 మి.లీ. తీసుకుని రెండు చుక్కల నైట్రిక్ యాసిడ్, రెండు చుక్కల సిల్వర్ నైట్రేట్ వేసి నల్ల కాగితం ముందు పెట్టి చూడండి. కొంచెం తెల్లగా మసకేసినా ఆ నీళ్లు పనికిరావు, సిల్వర్ క్లోరైడ్ వచ్చి మీ అవక్షేపం బరువు పెంచేస్తుంది.

ద్రవాన్ని ఫన్నెల్‌లో పోసి, కరిగించిన 20 మి.గ్రా. అయొడిన్ కలిపి కొద్దిగా తిప్పండి. దీన్ని క్యారియర్ అంటారు. పుట్టిన అయొడిన్–128 తూకానికి అందనంత సూక్ష్మంగా ఉంటుంది, తోడు లేకపోతే గాజు గోడకే అంటుకుని పోతుంది. ఇప్పుడు 23 మి.లీ. నీళ్లు, 2 మి.లీ. సల్ఫైట్ ద్రావణం పోసి ఒక నిమిషం కుదపండి. మధ్యమధ్యలో ఫన్నెల్‌ని తలకిందులు చేసి కాక్ తెరిచి ఆవిరి వదలండి, ఆ మూతి హుడ్ లోపలి వైపే ఉండాలి. సల్ఫైట్ అయొడిన్‌ని అయొడైడ్‌గా మారుస్తుంది, అయొడైడ్ నీళ్లలోకి పోతుంది. కర్బన పొరలో రంగు పూర్తిగా పోయిందంటే పని అయినట్టు. లేత గులాబీ మిగిలితే ఇంకో మి.లీ. సల్ఫైట్ వేయండి.

కింద ఉండేది ఇథైల్ అయొడైడ్, సాంద్రత 1.94. అలవాటు కొద్దీ కింది పొరని నీళ్లనుకోవద్దు. దాన్ని బీకరులోకి దింపి, నీళ్ల పొరని వేరే ఫ్లాస్కులోకి తీసి, అదే కొలతలతో రెండోసారి కడిగి రెండు నీళ్ల పొరల్నీ కలపండి. మొత్తం 50 మి.లీ.కి సరిచేయండి. ఇప్పుడు రెండు వైపులా ఘనపరిమాణం సమానం, లెక్క తేలిక.

సల్ఫైట్ బదులు సోడియం హైడ్రాక్సైడ్‌తో కడగొచ్చు కదా అని అడుగుతుంటారు. వద్దు. క్షారం ఇథైల్ అయొడైడ్‌నే విడగొడుతుంది. కర్బన రూపంలో ఉన్న రేడియో అయొడిన్ కూడా నీళ్లలోకి వచ్చి, రిటెన్షన్ తప్పుగా తగ్గి కనిపిస్తుంది. పైగా మామూలు అయొడైడ్ బోలెడు కలిసి, కష్టపడి విడదీసినదాన్ని మళ్లీ పలుచన చేస్తుంది. థయోసల్ఫేట్ కూడా ఈ దశలో పనికిరాదు, తర్వాత యాసిడ్ వేస్తే గంధకం విడిపోతుంది, వెండితో నల్లబడుతుంది.

కౌంటింగ్

వెల్ టైపు, అంటే గొట్టం దిగడానికి గుంట ఉన్న, సోడియం అయొడైడ్ డిటెక్టర్ ఉంటే దాన్నే వాడండి. అయొడిన్–128 గామా 443 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్ల దగ్గర ఉంటుంది, విండోని, అంటే లెక్కపెట్టే శక్తుల పరిధిని, దాని చుట్టూ పెట్టండి. ఒకే రకం గొట్టాల్లో 5 మి.లీ. నీళ్ల పొర, 5 మి.లీ. కర్బన పొర. ఒక్కోటి 5 నిమిషాలు. ఖాళీ గొట్టంతో బ్యాక్‌గ్రౌండ్ ముందే తీసి ఉంచండి. ఇథైల్ అయొడైడ్ బరువైన ద్రవం కాబట్టి గామాని నీళ్ల కంటే కొన్ని శాతం ఎక్కువగా ఆపుతుంది, సన్నని గొట్టాలు తీసుకుంటే ఆ తేడా తగ్గుతుంది. ద్రవాల జీఎం (గైగర్–ముల్లర్) కౌంటర్‌తో చేస్తే ఈ తేడా చాలా పెద్దది, ఎందుకంటే అక్కడ లెక్కపెట్టేది బీటాలని. దిద్దుబాటు లేకుండా ఆ అంకెల్ని పోల్చకూడదు.

కౌంటింగ్ మధ్యలో కరెంటు పోతే ఆ రీడింగ్ వదిలేయండి. హై వోల్టేజి తిరిగి నిలకడపడడానికి టైం పడుతుంది, ఈలోగా అయొడిన్ మీ కోసం ఆగదు. యూపీఎస్ తప్పనిసరి.

ఇక సమయం దిద్దుబాటు. కౌంటింగ్ మొదలైన నిమిషం కాదు, దాని మధ్య నిమిషం రాసుకోవాలి. మిగిలే వాటా 5 నిమిషాలకు 0.871, 10కి 0.758, 12కి 0.717, 15కి 0.660, 20కి 0.574, 30కి 0.435. వచ్చిన నికర కౌంట్లని ఈ అంకెతో భాగిస్తే సున్నా నిమిషం విలువ వస్తుంది.

ఒక ఉదాహరణ. నీళ్ల పొర మధ్య సమయం 12 నిమిషాలు, నికరంగా నిమిషానికి 2,150. భాగిస్తే 3,000. కర్బన పొర మధ్య సమయం 20 నిమిషాలు, నికరంగా 1,150. భాగిస్తే 2,003. కర్బన వాటాని మొత్తంతో భాగిస్తే 40 శాతం. దిద్దుబాటు మరిచిపోయి నేరుగా భాగిస్తే 35 శాతం వచ్చేది. ఎనిమిది నిమిషాల తేడా ఫలితాన్ని అయిదు శాతం జరిపేస్తుంది.

సిల్వర్ అయొడైడ్

మిగిలిన నీళ్ల పొరలో కొన్ని చుక్కల పలుచని నైట్రిక్ యాసిడ్ వేసి, సల్ఫర్ డయాక్సైడ్ వాసన పోయేదాకా వేడిచేయండి. ఇది దాటేస్తే సిల్వర్ సల్ఫైట్ కూడా దిగుతుంది. యాసిడ్ గాఢంగా ఉంటే అయొడైడ్ మళ్లీ అయొడిన్‌గా మారి ఆవిరైపోతుంది, కాబట్టి పలుచనిదే. 0.1 మోలార్ సిల్వర్ నైట్రేట్ 3 మి.లీ. వేయండి. లేత పసుపు అవక్షేపం దిగుతుంది. తూచిన ఫిల్టర్ పేపర్ మీద వడగట్టి, నీళ్లతో, తర్వాత కొద్ది అసిటోన్‌తో కడిగి ఆరనివ్వండి. 20 మి.గ్రా. అయొడిన్‌కి 37 మి.గ్రా. సిల్వర్ అయొడైడ్ రావాలి. కౌంటింగ్‌కి తీసిన 5 మి.లీ. పోను 33 దగ్గర వస్తే వేరుచేయడం సవ్యంగా జరిగినట్టు. బాగా తక్కువ వస్తే రెండోసారి కడిగిన నీళ్లు కలిపారా లేదా చూడండి.

ఈ పేపర్‌ని జీఎం కౌంటర్ కింద పెట్టి ప్రతి 5 నిమిషాలకూ ఒకసారి, 75 నిమిషాల దాకా తీయండి. సెమీలాగ్ గ్రాఫ్ కాగితం మీద సరళరేఖ రావాలి, ప్రతి 25 నిమిషాలకు సగం పడాలి. తోక సాగితే ఇంకేదో కలిసింది.

రేడియేషన్‌కి ముందే 50 మి.లీ.లో 158 మి.గ్రా. అయొడిన్, అంటే 0.1 మోల్ శాతం, కలిపి మొత్తం మళ్లీ చేయండి. ఈసారి సల్ఫైట్ ఎక్కువ కావాలి, సోడియం సల్ఫైట్ కనీసం 100 మి.గ్రా. రిటెన్షన్ ఎంత పడిందో అదే నెమ్మదించాక జరిగే చర్యల వాటా. అయొడిన్ ఇంకా పెంచినా పడకుండా మిగిలేది, రీకాయిల్ వేడిలో ఉండగానే అతుక్కున్న వాటా. ఈ ప్రయోగంలో నిజంగా నేర్పేది ఈ రెండో విడతే, దీన్ని వదిలేయకండి. అయితే ఎండ తగిలినా, గది బాగా వేడెక్కినా అయొడిన్, ఇథైల్ అయొడైడ్ తమలో తాము పరమాణువులు మార్చుకుంటాయి. నల్ల కాగితం ఈసారి మరీ ముఖ్యం.

వాడిన ఇథైల్ అయొడైడ్ పారబోయకండి, ఖరీదైన సరుకు. పది అర్ధాయువులు, అంటే నాలుగు గంటల పది నిమిషాలకు, వెయ్యో వంతే మిగులుతుంది. మర్నాడు సర్వే మీటర్‌తో చూసి, సేఫ్టీ ఆఫీసర్ సరేనన్నాక, కడిగి డిస్టిల్ చేస్తే మళ్లీ పనికొస్తుంది.

బ్యూటైల్ బ్రోమైడ్‌తో చేస్తే

ఇక్కడ మూడు అర్ధాయువులు కలిసి వస్తాయి: బ్రోమిన్–80కి 17.7 నిమిషాలు, దాని ఐసోమర్ (అదే కేంద్రకం, ఎక్కువ శక్తితో ఉన్న రూపం) బ్రోమిన్–80ఎంకి 4.4 గంటలు, బ్రోమిన్–82కి 35.3 గంటలు. సోర్స్ లేని కాలేజీకి బ్రోమిన్–82 ఒక దారి. ట్రాంబే రియాక్టర్‌లో తయారైనది అనుమతులతో, ప్యాకింగ్‌తో ఇక్కడికి చేరడానికి ఒక రోజు పట్టినా 62 శాతం మిగిలి ఉంటుంది. అయొడిన్–128 అయితే దారిలోనే అయిపోతుంది. రియాక్టర్‌లో గామా డోసు కూడా అణువుల్ని విరగ్గొడుతుంది కాబట్టి ఆ శాంపిల్ రిటెన్షన్‌ని చిన్న సోర్స్ విలువతో పోల్చకండి.

సోర్స్ ఉన్నవాళ్లు బ్యూటైల్ బ్రోమైడ్‌ని రాత్రంతా, 12 గంటలు ఉంచండి. బ్రోమిన్–80ఎం గరిష్ఠంలో 85 శాతానికి చేరుతుంది. ఈసారి సోడా గాజు సీసానే. 10 మి.గ్రా. బ్రోమిన్ క్యారియర్‌తో, సల్ఫైట్ నీళ్లతో పైన చెప్పినట్టే రెండుసార్లు కడిగి, ఆ నీళ్లు పక్కన పెట్టేయండి. కర్బన పొరని ఒక గంట కదపకుండా ఉంచండి. అందులో కర్బన రూపంలో మిగిలిన బ్రోమిన్–80ఎం ఈలోగా బ్రోమిన్–80గా మారుతుంటుంది. ఆ మార్పులో వెలువడే శక్తి చాలా తక్కువ, రీకాయిల్‌తో బంధం తెగదు. కానీ ఆ శక్తి లోపలి ఎలక్ట్రాన్లని బయటికి తోసి పరమాణువుకి ఒక్కసారిగా ధన ఆవేశం తెస్తుంది, దాంతో బంధం తెగిపోతుంది. 1939లో సెగ్రే, హాల్ఫర్డ్, సీబోర్గ్ ఐసోమర్లని రసాయనికంగా విడదీసింది ఈ ఆధారంతోనే. గంట తర్వాత మళ్లీ క్యారియర్ వేసి, నీళ్లతో కడిగి, సిల్వర్ బ్రోమైడ్‌గా దింపి వెంటనే కౌంటర్ కింద పెట్టండి. గ్రాఫ్ 17.7 నిమిషాలకు సగమవుతూ ఒకే గీతగా పడాలి. ఇంకో గంట ఆగి అదే కర్బన పొరని కడిగితే మళ్లీ వస్తుంది. కౌంట్లు ప్రతి విడతకీ 4.4 గంటల లెక్కన తగ్గుతూ పోతాయి. రేఖ వంగి తోక సాగితే మొదటి కడుగు సరిగా జరగలేదు, బ్రోమిన్–82 మిగిలి ఉంది. మరుసటిసారి మొదట రెండు కాదు, మూడుసార్లు కడగండి.